ఎక్కిన వైపే దిగనక్కర్లేదు

ఆరేళ్ళ కిందట ఒక జనవరి ఆదివారం పొద్దున్నే నేనూ మా ఆయనా స్కూటర్ మీద విశాఖపట్నంలోని మాధవధార వెళ్ళాం. మాధవస్వామి గుడి దగ్గర బండి పెట్టి, కొండ మీదికి పోయే మెట్లదారి పట్టాం. ఒక అరగంట నడిచి వెనక్కి వచ్చేద్దాం అనుకున్నాం. కానీ ఆ దారి మనల్ని అలా వదలదు. ఒక మలుపు తిరిగాక ఇంకో మలుపు చూడాలనిపిస్తుంది. అలా అలా కొండ నెత్తికి చేరాం. అవతల కిందికి చూస్తే పచ్చటి చెట్ల మధ్య సింహాచలం గాలిగోపురం. ఇంత దగ్గరికి వచ్చి అప్పన్నని చూడకుండా ఎలా వెళ్తాం? దిగాం. దర్శనం చేసుకున్నాం, పులిహోర కొనుక్కుని నీడన కూర్చుని తిన్నాం. చెయ్యి కడుక్కుంటుంటే మా ఆయన అన్నారు, "బండి అవతలుంది."

అప్పటికి ఎండ బాగా ఎక్కింది. మళ్ళీ కొండెక్కే ఓపిక ఇద్దరికీ లేదు. మెట్లు దిగి అడవివరం చేరి, ఆటో మాట్లాడుకుని, గోపాలపట్నం, ఎన్‌ఏడీ జంక్షన్ మీదుగా కొండంతా చుట్టి మాధవధార వచ్చాం. ఆ తిరుగుడంతా స్కూటర్ కోసమే. ఆటోలో కూర్చున్నంతసేపూ మా పక్కనుంచి సిటీ బస్సులు పోతూనే ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో పొద్దున్న వచ్చి ఉంటే, అడవివరంలో ఇంకోటి ఎక్కి ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్ళం కదా అనిపించింది. ఆ రోజు తర్వాత కొండకి బండి తీసుకెళ్ళడం మానేశాను.

బండి మీద కొండకి వెళ్ళిన మనిషి పలుపుతాడుతో కట్టేసిన దూడ లాంటివాడు. ఎంత దూరం పోయినా చివరికి ఆ గుంజ దగ్గరికే రావాలి. బస్సు దిగి కొండెక్కిన మనిషికి ఆ గుంజ లేదు. ఇటు ఎక్కి అటు దిగొచ్చు. కాళ్ళు లాగితే మధ్యలో పక్కదారి పట్టి, ఏ వీధి తగిలితే ఆ వీధిలోంచి రోడ్డు మీదికి రావచ్చు. బస్సులో వెళ్ళమని చెప్పేవాళ్ళు సాధారణంగా పెట్రోలు ఖర్చు గురించీ, పొగ గురించీ మాట్లాడతారు. అవి నిజమే, కాదనను. నా వరకు మాత్రం అసలు కారణం ఇది: బస్సుంటేనే కొండని దాటగలం. బండి ఉంటే ఎక్కి దిగడమే.

దీనికి విశాఖపట్నం లాంటి ఊరు మళ్ళీ దొరకదు. ఉత్తరాన సింహాచలం కొండలు, కంబాలకొండ అడవి. దక్షిణాన యారాడ కొండ. తూర్పున సముద్రం. పెరగడానికి చదును నేల చాలక ఊరు కొండల చుట్టూ పాకింది. రోడ్లూ కొండల చుట్టూనే పడ్డాయి, రోడ్లున్న చోటల్లా సిటీ బస్సులు తిరుగుతున్నాయి. కాబట్టి ఇక్కడ చాలా కొండలకి రెండేసి వైపుల బస్సుంది. నేను కొన్నేళ్ళు హైదరాబాద్‌లో ఉన్నాను. అనంతగిరి కొండలు చూడాలంటే వికారాబాద్ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి తాండూరు వైపు పోయేది ఇంకోటి. మూసీ పుట్టే చోటు చూద్దామని తెల్లారకుండా బయల్దేరినా కొండ దగ్గర దిగేసరికి పొద్దెక్కేది. భువనగిరి నయం, ఊళ్ళో బస్సు దిగి కోట దాకా నడిచి పోవచ్చు. కాకపోతే అది ఒకే ఒక్క పెద్ద బండ, ఎక్కిన దారినే దిగాలి. ఊరి మధ్యలోంచి కొండెక్కి, ఊరి ఇంకో కొసన దిగి, పదకొండింటికల్లా ఇంట్లో అన్నం వండుకునే భాగ్యం నాకు విశాఖలోనే దొరికింది.

మాధవధార దారి సంగతి ఇంకాస్త చెప్పాలి. ఇప్పటికి ఇరవైసార్లు పైనే దాటి ఉంటాను.

బస్సు దిగి కాలనీ వీధుల్లోంచి నడుస్తుంటే కొండ ఇళ్ళ వెనక గోడలా నిలబడి కనిపిస్తుంది. గుడి దాటగానే చప్పుడు మారిపోతుంది. హారన్‌లు వెనకబడతాయి, పిట్టల కూతలు ముందుకొస్తాయి. మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండవు. ఒకటి జానెడు, ఇంకోటి మోకాలెత్తు. కాలు దానంతటదే చూసుకుని పడాలి, ఫోన్ చూసుకుంటూ ఎక్కే దారి కాదు. కింద రాయి ఎర్రగా, తుప్పు పట్టినట్టుంటుంది. దాన్ని ఖొండలైట్ అంటారు. తూర్పు కనుమల్లో ఉండే ఖోండుల పేరే ఆ రాయికి పెట్టారు. ఒక కొండజాతి పేరు ప్రపంచమంతా రాతిశాస్త్రం పుస్తకాల్లో ఉంది, మన ఊళ్ళో ఆ రాయిని రోజూ తొక్కుతున్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతి తెలియదు. నాకూ చాలా ఆలస్యంగానే తెలిసింది. తెలిశాక ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడల్లా రాయిని ఒకసారి చేత్తో తడుముతాను. తెల్లారగట్ల చల్లగా, కొంచెం గరుగ్గా ఉంటుంది. మధ్యలో అభ్రకంలా ఏదో మెరుస్తుంది.

పైకెళ్ళేకొద్దీ జీడిమామిడి చెట్లు, పనస చెట్లు, వాటి నీడలో అనాస మొక్కలు. శీతాకాలం పొద్దున్నపూట అనాస ఆకుల మధ్య మంచు నీళ్ళు నిలిచి ఉంటాయి. నెత్తి మీదికి చేరి వెనక్కి తిరిగితే ఎన్‌ఏడీ జంక్షన్, విమానాశ్రయం రన్‌వే, దూరంగా పోర్టు క్రేన్‌లు, వాటి వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ. ముందుకి తిరిగితే గుడి. కిందున్నప్పుడు మనం ఇంత పెద్ద ఊళ్ళో ఎంత చిన్న మూలలో బతుకుతున్నామో, ఆ మూల ఈ ఊరికి ఎలా అతుక్కుని ఉందో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

రెండో మూడోసారి వెళ్ళినప్పుడు, ఒక్కదాన్నే ఉన్నాను. నెత్తి దాటాక దారి రెండుగా చీలింది. ఎప్పుడో రాయి మీద వేసిన బాణం గుర్తు వానలకి చెదిరిపోయింది. వెడల్పుగా ఉన్న దారే అసలు దారి అనుకుని వెళ్ళిపోయాను. పావుగంట నడిచాక చెట్లు చిక్కబడ్డాయి, గోపురం కనపడటం మానేసింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. టెన్షన్ పట్టుకుంది. అప్పుడు ఎదురుగా తల మీద పనసకాయల బుట్టతో ఒక ముసలావిడ వచ్చింది. నన్ను ఎగాదిగా చూసి, "ఏటమ్మా, ఒక్కదానివే వచ్చీసావా? అలాగెళ్ళకు తల్లీ, అది తోటల్లోకి ఎల్లిపోతాది. నా ఎనకాల రా," అంది. చుట్టకుదురు మీద అంత బరువు పెట్టుకుని, చెప్పులు కూడా లేకుండా, నాకన్నా వేగంగా నడిచింది. గుడి మెట్లు కనపడేదాకా తీసుకొచ్చి, బుట్ట దించకుండానే నిలబడి, "పైనుంచి బస్సు ఎక్కకు, డబ్బులు దండగ. మెట్లంట దిగిపో, కింద సిటీ బస్సు దొరుకుద్ది," అని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడకి ఈ కొండ ట్రెక్కింగ్ కాదు, పని. మనం ఇప్పుడు కొత్తగా కనిపెట్టామనుకునే దారులన్నీ ఇలాంటి మనుషుల పాదాలు పడీ పడీ నిలిచినవే.

గుడి నుంచి కిందికి దాదాపు వెయ్యి మెట్లు. మెట్ల పూజ మొక్కుకున్నవాళ్ళు ఒక్కో మెట్టుకీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, హారతి కర్పూరం వెలిగించుకుంటూ ఎక్కుతుంటారు. ఒకసారి ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, అలా ఎక్కుతూ ఎదురొచ్చింది. వేళ్ళు పసుపుతో పండిపోయి ఉన్నాయి. నడుం పట్టుకుని ఒక్క క్షణం ఆగి, నవ్వి, మళ్ళీ వంగింది. దారిలో ఒక్కో మెట్టుకీ విడిగా మర్యాద చేసే జనం మనం. ఈ గుడిలో 11వ శతాబ్దం చివరినాటి శాసనం ఉంది. ఘాట్ రోడ్డు నిన్న మొన్నటిది. మధ్యలోని వందల ఏళ్ళూ ఈ కొండని జనం కాళ్ళతోనే ఎక్కారు. కొండ మీద నడక అనేది బయటినుంచి వచ్చిన సరదా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేనిది అందుకే. తిరుమలకి అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి 2388 మెట్లు ఎక్కే జనానికి నడక ఎవరూ నేర్పక్కర్లేదు. దారి కావాలి, దారి మొదట్లో బస్సు కావాలి.

భీమిలి వైపు పద్ధతి ఇంకోలా ఉంటుంది. అక్కడ ఒకే బస్సు, 900కె. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్తుంది. ఎడమ చేతి వైపు కొండలు, కుడి చేతి వైపు సముద్రం. నేను ఎప్పుడూ ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను. సముద్రం ఎక్కణ్ణించైనా కనపడుతుంది, కొండల్ని మాత్రం వెతుక్కోవాలి. దారిలో రుషికొండ వస్తుంది. దాని నడుం చెక్కేసి ఆకుపచ్చ పట్టా కప్పిన రోజుల్లో బస్సులో ఉన్న జనమంతా ఆ వైపుకే తలలు తిప్పి చూసేవాళ్ళు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తుంది.

మంగమారిపేట దగ్గర దిగితే తొట్లకొండ. సముద్రమట్టానికి 130 మీటర్ల ఎత్తు కూడా లేదు, మెల్లగా నడిచినా అరగంటలో పైకి చేరతాం. నౌకాదళం తన అవసరాల కోసం సర్వే చేస్తుంటే ఈ బౌద్ధ ఆరామం బయటపడింది. 1988లో మొదలుపెట్టి కొన్నేళ్ళపాటు పురావస్తు శాఖ తవ్వింది. స్తూపం, విహారాల పునాదులు, చైత్యగృహాలు, భోజనశాల. వీటన్నిటికంటే నన్ను ఆపేసేవి ఆ తొట్లు. కొండ రాతిని తొలిచి వాన నీళ్ళు పట్టి ఉంచుకోవడానికి చేసుకున్నవి. కొండకి ఆ పేరు వాటి వల్లే వచ్చింది, పక్కనున్న బావికొండకి బావుల వల్ల వచ్చినట్టు. రెండు వేల ఏళ్ళ కిందటి భిక్షువులకి తిండి కింది ఊళ్ళలో దొరికింది, నీళ్ళు కొండ మీదే దాచుకున్నారు.

మా ఇంట్లో పని చేసే ఆవిడ ఇరవై ఏళ్ళుగా విశాఖలోనే ఉంది. తొట్లకొండ ఎప్పుడూ చూడలేదు. బీచ్ రోడ్డు మీద అంత దూరం వెళ్ళడానికి తనకీ, కూతురికీ రానూపోనూ బస్సు ఛార్జీలు పెట్టాలంటే దాని మీద ఎన్నో ఆలోచనలు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక, ఆ డిసెంబరులో ఒక ఆదివారం ముగ్గురం కలిసి వెళ్ళాం. కండక్టర్ ఇచ్చిన సున్నా టికెట్టుని ఆ పిల్ల మడిచి పర్సులో దాచుకుంది. పైకి చేరాక ఆవిడ తొట్టి అంచున చాలాసేపు నిలబడి, "నీళ్ళకోసం ఈళ్ళెంత కష్టపడ్డారో చూడండమ్మా," అంది. ఆవిడ ఇల్లు కూడా కొండవాలు మీదే. మంచినీళ్ళ బిందె మోసుకుంటూ రోజూ నూట యాభై మెట్లెక్కుతుంది. ఆ తొట్లని నేను ఎన్నోసార్లు చూశాను, ఫోటోలు తీశాను. ఆవిడ చూసినట్టు మాత్రం ఒక్కసారీ చూడలేదు.

అందుకే ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తుంది. కొండకి ఎవరు వస్తున్నారన్నది కొండకి ఎలా రావచ్చు అన్న దాన్ని బట్టే ఉంటుంది. పైదాకా కారు రోడ్డు వేసి, పైన పార్కింగ్ చేసి పెడితే కార్లున్నవాళ్ళు వస్తారు. తొట్లకొండ మీద కూర్చుని చాలాసార్లు గమనించాను. కారు పైన ఆగుతుంది, డోర్లు తీసి దిగుతారు, సముద్రం వెనక వచ్చేలా నాలుగు ఫోటోలు, పావుగంటలో డోర్లు మూసుకుంటాయి. వాళ్ళ తప్పని నేననను. పావుగంటలో ఎక్కినవాళ్ళకి కొండ పావుగంటదే అనిపిస్తుంది. అరగంట చెమటోడ్చి ఎక్కినవాళ్ళు ఇంకో గంట కూర్చోకుండా దిగరు. ఆ గంటలోనే పక్కన ఎవరో ఇది ఎందుకు కట్టారని అడుగుతారు, ఇంకెవరో చెప్తారు.

అదే బస్సులో ఇంకొంచెం ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. ఇక్కడ మాత్రం నా వాదనని నేనే కొంచెం పట్టి ఆపుకోవాలి. సముద్రపు ఇసుక వేల ఏళ్ళ పాటు గాలికి ఎగిరి వచ్చి పేరుకుని, ఎర్రబారి, వానలకి గాడులు పడి ఏర్పడిన చోటు అది. దక్షిణాసియాలో ఇలాంటి తీరపు ఎర్ర ఇసుక ఇక్కడ కాక తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉందని చెప్తారు. భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది, తిరుమల కొండలతో పాటు. ఆ గోడల్ని చేత్తో ఒక్కసారి గీరితే మట్టి రాలుతుంది. పిల్లలు దిబ్బ పైనుంచి జారుడుబండలా జారితే ఒక వానాకాలం చేసే పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. 2024లో యంత్రాలతో అక్కడ తవ్వకాలు జరిగినప్పుడు ఊరంతా గొంతెత్తింది, ఎత్తాలి కూడా. కానీ నెమ్మదిగా, కాళ్ళతో, నవ్వుతూ చేసే నష్టం గురించి కూడా మాట్లాడుకోవాలి. బస్సులో వచ్చినవాళ్ళందరూ జాగ్రత్తపరులు, కార్లవాళ్ళందరూ కాదు అని నేను చెప్పడం లేదు. చిప్స్ ప్యాకెట్టు ఎవరి చేతిలోంచైనా జారుతుంది. అక్కడ గాడుల్లోకి దిగకుండా, అంచునున్న దారి వెంటే నడవమని బోర్డు పెట్టి, ఒక మనిషిని కాపలా ఉంచాల్సిందే. బస్సు స్టాపు ఆ పనికి అడ్డం కాదు. జనం ఒకే చోట దిగి ఒకే దారిన లోపలికి వస్తే కాపలా తేలిక. బైకులు నాలుగు వైపుల నుంచీ దిబ్బల మీదికి ఎక్కేస్తుంటే ఎంతమందిని పెట్టినా చాలరు.

చివరి స్టాపు భీమిలి. అక్కడ దిగి పావురాళ్ళకొండ ఎక్కొచ్చు. పైన మళ్ళీ ఒక బౌద్ధ ఆరామం, మళ్ళీ రాతి తొట్లు. కింద గోస్తని సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులున్న పాత పట్నం. దిగొచ్చి బజార్లో టీ తాగి వెనక్కి వెళ్ళే 900కె ఎక్కితే చాలాసార్లు నిద్రపోతాను. మన బండైతే ఆ నిద్ర కూడా లేదు.

కంబాలకొండ గురించి రెండు మాటలు. 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అభయారణ్యం, జూపార్కు ఎదురుగా హైవే మీద బస్సు దిగితే గేటు. ఊళ్ళో ఇంత అడవి ఉండటం ఎంత పెద్ద సంగతో మనం రోజూ గుర్తుచేసుకోం. లోపల చిరుతలున్నాయి. అక్కడ సొంత పెత్తనం పనికిరాదు. గేటు దగ్గర టికెట్టు తీసుకుని, అటవీశాఖ వాళ్ళు చూపించిన దారిలోనే నడవాలి. అలిపిరి నడకదారిలో 2023 ఆగస్టులో చిరుత దాడిలో చిన్నపాప చనిపోయిన సంగతి ఎవరం మర్చిపోలేం. నేను ఏ కొండకైనా తెల్లారాకే ఎక్కుతాను, పొద్దు వాలకముందే దిగుతాను.

మాట ఇక్కడిదాకా వచ్చాక ఆడవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక్కదానివే వెళ్తే భయం లేదా అని. ఉంది. మాధవధార దారిలో వారం మధ్యలో మధ్యాహ్నం వేళ ఒక్కదాన్నే వెళ్ళను. ఆదివారం పొద్దున్న వెళ్తాను, ఎందుకంటే అప్పుడు నలుగురు కనపడతారు. దారికి కాపలా అంటే నడిచే జనమే. జనం రావాలంటే బస్సు రావాలి, ఫలానా దారి ఫలానా చోట మొదలవుతుందని తెలియాలి. ఎవరికీ తెలియకుండా పడి ఉన్న దారిలో పేకాట, సీసాలు చేరతాయి. అప్పుడు ఆడవాళ్ళు వెళ్ళరు. ఆడవాళ్ళు వెళ్ళకపోతే ఆ దారి పేకాటవాళ్ళకే మిగులుతుంది. ఈ చక్రాన్ని వెనక్కి తిప్పడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.

ఎంత ఖర్చవుతుందో మనకి ఏటా తెలుస్తూనే ఉంది. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా కొండని చుట్టి రాత్రంతా లక్షల మంది నడుస్తారు. ఆ ఒక్క రోజు ఈ ఊరు నడిచేవాళ్ళ ఊరు అయిపోతుంది. వీధి వీధికీ మజ్జిగ, మంచినీళ్ళు, పులిహోర పొట్లాలు. వైద్య శిబిరాలు. ప్రత్యేక బస్సులు. తెలియని ఇంటివాళ్ళు గేటు తీసి బాత్రూమ్ వాడుకోమంటారు. నేను మూడుసార్లు చేశాను. మూడోసారి ఇసుకతోట దగ్గర కాళ్ళు బొబ్బలెక్కి కూర్చుంటే, ఒక పెద్దాయన నీళ్ళ బకెట్టు తెచ్చి, "కాళ్ళు ఇందులో పెట్టమ్మా," అని పక్కన నిలబడ్డాడు. నడిచేవాళ్ళకి ఏం కావాలో ఈ ఊరికి తెలుసు. ఏడాదికి ఒక రోజు చేసే దాంట్లో నూరో వంతు మిగతా రోజుల్లో చేస్తే చాలు.

మా తమ్ముడు అమెరికాలో సియాటిల్‌లో ఉంటాడు. అక్కడ కింగ్ కౌంటీ వాళ్ళు 2017లో ట్రైల్‌హెడ్ డైరెక్ట్ అని, సీజన్‌లో వారాంతాల్లో ఊళ్ళోంచి కొండదారుల మొదట్లోకి బస్సులు నడపడం మొదలుపెట్టారు. కొండల కింద కార్లు పెట్టడానికి చోటు చాలక మొదలుపెట్టిన పని అది. ఇంటింటికీ కార్లున్న దేశంలోనే కారు వల్ల కొండ ఇరుకైపోతుందని తెలుసుకుని బస్సు వేశారు. మనకి కొత్త బస్సు కూడా వెయ్యక్కర్లేదు, ఉన్న బస్సే కొండ పక్కనుంచి పోతోంది. కొండ కింద దిగమని ఎవరూ చెప్పడం లేదు, అంతే.

నేను అడిగేవి చిన్నవే. స్టాపు బోర్డు మీద ఊరి పేరు కింద "సింహాచలం మెట్లదారి, ఇటు" అని ఒక బాణం. కొండ మీద దారి చీలిన ప్రతి చోటా రాతి మీద పసుపు రంగు గుర్తు, ఏటా వానాకాలం అయ్యాక మళ్ళీ ఒక పూత. ఆదివారాలు అయిదున్నరకే మొదటి బస్సు, ఎందుకంటే మన ఉక్కలో ఎనిమిది దాటాక ఎక్కడం శిక్ష. మార్చి నుంచి జూన్ దాకా అయితే ఏడింటికే ఒళ్ళు తడిసిపోతుంది. కింద ఒక మరుగుదొడ్డి, ఆడవాళ్ళు నిజంగా వాడుకోగలిగేది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆఖరి బస్సు ఎన్నింటికో రాసి పెట్టడం. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఒక ఆఫీసుకి తీసుకెళ్ళాను. అక్కడాయన మర్యాదగానే చదివి, "పైదాకా రోడ్డు వెడల్పు చేసే ప్రపోజల్ ఉంది మేడమ్, అది అయితే మీకు నడిచే బాధ ఉండదు," అన్నారు. ఆయన నిజంగా నాకు మేలు చేద్దామనే అన్నారు. మన ఆలోచనంతా ఎటు పోయిందో నాకు ఆ రోజు అర్థమైంది. నడకని బాధ అనుకుంటున్నంతకాలం కొండ నెత్తి దాకా తారు పోస్తూనే ఉంటాం, నెత్తి మీద కార్లు నిండాక ఇంకో కొండ చూసుకుంటాం.

బస్సు మీద నాకూ ఫిర్యాదులున్నాయి. ఆదివారం ట్రిప్పులు తగ్గుతాయి. సాయంత్రం అయ్యేసరికి నిలబడటానికి చోటుండదు. ఒకసారి అయిదింటి నుంచి ఆరున్నర దాకా ఒక స్టాపులో ముగ్గురం నిలబడ్డాం, చీకటి పడ్డాక ఎవరో లారీ ఆపి ఎక్కించుకున్నారు. ఆ గంటన్నర నాకు చాలా కోపం వచ్చింది. కానీ ఆ కోపంలో కూడా మళ్ళీ బండి తీయాలనిపించలేదు, ఇంకో బస్సు వెయ్యమని అడగాలనిపించింది. బండితో నా ఇబ్బంది ఒక్కటే తీరుతుంది. ఆ రోజు నాతో నిలబడ్డవాళ్ళలో ఒకామె గంపలో మిగిలిపోయిన అనాసకాయలున్నాయి. బండి కొనుక్కునే స్తోమత ఆమెకి లేదు.

అడవివరం వైపు మెట్లు దిగాక ఒక చిన్న టీ కొట్టుంది. కొట్టాయనకి నన్ను చూసీ చూసీ అలవాటయింది. ఎప్పుడు దిగినా మొదట అడిగేది బస్సు టైమే కాబట్టి, రెండేళ్ళ కిందట గోడ మీద సుద్దముక్కతో టైములు రాసి పెట్టాడు. పొద్దున్నవి ఎడమ పక్క, సాయంత్రానివి కుడి పక్క. ఇప్పుడు దర్శనానికి వచ్చినవాళ్ళు, మెట్ల పూజ చేసి దిగినవాళ్ళు, పూలమ్మేవాళ్ళు అందరూ ముందు ఆ గోడ చూసే టీ చెప్తున్నారు. పోయిన ఆదివారం నేను దిగేసరికి తడిగుడ్డతో సాయంత్రం వైపు ఒక అంకె తుడుస్తున్నాడు.

"ఆఖరిది మార్చీసారా?" అని అడిగాను.

"నేదమ్మా, ఆదివారం మట్టుకు ఇంకోటి ఏసారంట. డ్రైవరు చెప్పాడు. ఎన్నింటికో కనుక్కుని రాస్తాను, ఉండండి," అన్నాడు. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, వచ్చే బస్సు కోసం రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.